పుర్రచేతి పేక

మా పిన్ని పేకముక్కలు విప్పి పట్టుకుంటే ఆమెకు ఏమీ కనబడదు. చూపులో లోపం లేదు. నేను కళ్లద్దాల షాపులో పనిచేస్తాను, ఆమె కళ్లు నేనే రెండుసార్లు పరీక్ష చేయించాను. లోపమంతా పేకముక్కలో ఉంది.

మామూలుగా జనం ముక్కల్ని ఎడమచేత్తో పట్టుకుని, విసనకర్రలా విప్పి, కుడిచేత్తో ఒక్కొక్కటీ లాగి వేస్తారు. ముక్కకి పైన ఎడమ మూలన అంకె, దాని కింద ఇస్పేటో ఆఠీనో ఏదో ఒక గుర్తు ఉంటాయి. అలా విప్పినప్పుడు ఆ మూలలన్నీ వరసగా బయటికి కనబడతాయి. మా పిన్నిది పుర్రచెయ్యి. ఆమె కుడిచేత్తో పట్టుకుని ఎడమచేత్తో లాగుతుంది. అలా విప్పేసరికి అంకెలున్న మూలలు ఒకదాని కింద ఒకటి దాక్కుని, ఖాళీ మూలలు పైకి వస్తాయి. చేతిలో పదమూడు ముక్కలుంటాయి. అన్నిటికన్నా పైదొక్కటి తప్ప, కనబడేవన్నీ తెల్లటి అంచులే.

ఈ ఇబ్బందికి మా ఇంట్లో ఎప్పుడూ దొరికిన మందు ఒక్కటే. "చెయ్యి మార్చు."

ఆ మాట మా తాతయ్యది, అంటే పిన్ని వాళ్ల నాన్నది. ఆయన సర్వేయరుగా చేసి రిటైరయ్యాడు. గొలుసు పట్టి పొలాలు కొలిచిన మనిషి, ఇంట్లో కుర్చీలు కూడా కొలత ప్రకారమే ఉండాలి. ఆదివారం భోజనాలయ్యాక ముందుగదిలో గుండ్రటి బల్ల, నాలుగు కుర్చీలు, నలుగురు ఆడే తురుపు ఆట. ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు జోడీ. నలుగురూ తలో ముక్క వేస్తే పెద్దముక్క వేసినవాడిది ఆ పట్టు. తురుపుగా చెప్పుకున్న రంగు మిగతా మూడు రంగుల్నీ కొడుతుంది. పందెం ఉండదు. పందెం కట్టి ఆడేవాణ్ణి తాతయ్య గుమ్మం తొక్కనివ్వడు. ఆటంటే మాత్రం ప్రాణం పెడతాడు.

పిన్నికి పదేళ్లప్పుడు ఒక ఆదివారం నాలుగో మనిషి రాలేదు. ఇద్దరు మావయ్యలూ తాతయ్యా కూర్చుని ఉన్నారు. పిన్నిని పిలిచారు. ఆవిడ ఎగురుకుంటూ వెళ్లి కూర్చుంది, తన వాటంగా ముక్కలు విప్పుకుంది, ఏమీ కనబడలేదు. ఒక్కో ముక్కా బయటికి లాగి చూసుకుని మళ్లీ లోపల పెట్టుకుంటూ ఉంటే ఆవిడ చేతిలో ఏమున్నాయో బల్ల చుట్టూ అందరికీ తెలిసిపోయింది. "చెయ్యి మార్చవే," అన్నాడు తాతయ్య. మార్చింది. ముక్కలన్నీ జారి ఒళ్లో పడ్డాయి. పెద్దమావయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. మరుసటి ఆదివారానికి పక్కింటాయన్ని నాలుగో మనిషిగా పిలుచుకున్నారు. పిన్నికి మంచినీళ్ల చెంబు ఇచ్చారు.

వాళ్లు చేసిన పెద్ద పొరపాటు అదే. నీళ్లు తెచ్చే పిల్లని చూసి ఎవరూ ముక్కలు దాచుకోరు. ఆవిడ చెంబు పట్టుకుని బల్ల చుట్టూ తిరిగేది. తాతయ్య చేతిలో ఏముందో చూసేది, అటు తిరిగి చిన్నమావయ్య చేతిలోవి చూసేది, మళ్లీ ఇటు వచ్చేది. ఎవరి దగ్గర ఏముంటే వాళ్లు ఏం వేస్తారో, ఏం వేసి ఉండాల్సిందో అన్నీ చూసింది. మూడేళ్లకి ఆ బల్ల దగ్గర అందరికన్నా ఆట బాగా తెలిసిన మనిషి చెంబు పట్టుకున్న మనిషే. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

పెళ్లిచూపుల్లో తాతయ్య మా బాబాయిని అడిగిన మొదటి ప్రశ్న "పేక వచ్చా?" అని. వచ్చన్నాడు పాపం. అంతే, నాలుగో కుర్చీ అల్లుడిదైపోయింది. బాబాయి సిటీ బస్సు డ్రైవరు. మనిషి వెన్న. పేకలో మాత్రం శుద్ధ మొద్దు. జోడీ ఆసు వేసి గెలుచుకున్న పట్టు మీద తన రాజుని తగలేసి, "అయ్యో, చూసుకోలేదు మావయ్యగారూ," అంటాడు. ఇరవై ఐదేళ్లుగా అంటూనే ఉన్నాడు. ఆయన్ని మాత్రం ఎవరూ నీళ్లు తెమ్మనలేదు. నాకు కోపం ఎక్కువని మా అమ్మ అంటుంది. ఇలాంటివి తలుచుకుంటే ఎక్కువేం కాదనిపిస్తుంది.

పిన్ని మొదట మందుసీసాల లేబుళ్లు అచ్చువేసే ప్రెస్సులో బొమ్మలు వేసేది. తర్వాత కంప్యూటరు నేర్చుకుంది, ఆ తర్వాత ఫోన్లో కనబడే తెరలు గీయడం మొదలుపెట్టింది. ఏ మీట ఎక్కడుండాలి, ఏ అక్షరం ఎంతుండాలి, వేలు ఎక్కడ తగులుతుంది, అదీ ఆవిడ పని. యాభై రెండేళ్ల వయసులో ఒక చిన్న కంపెనీలో చేస్తోంది. రెండో అంతస్తు, కింద టైర్ల షాపు, మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన. ఉద్యోగం ఏడాదికోసారి పొడిగించేది. ఆ కాగితం మీద మేనేజరు సంతకం పెట్టాలి.

ఆ మేనేజరుని ఆఫీసులో వెనకాల "వందశాతం" అంటారు. ఏమడిగినా "వందశాతం" అంటాడు కాబట్టి. పని అవుతుందా అంటే వందశాతం. మీకు అర్థమైందా అంటే వందశాతం. ప్రోగ్రాములు రాసే ఆయనకి పెట్టిన పేరు "నిదానం." ఈయన వేగం ఎంతో ఇంక నేను చెప్పక్కర్లేదు.

నిరుడు వాళ్లకి ఒక పని వచ్చింది. తురుపు ఆట బొత్తిగా రానివాళ్లకి ఫోన్లో నేర్పించాలి. తెరలన్నీ గీసే బాధ్యత పిన్నిదే. గీయడం మొదలుపెట్టగానే ఒక చిక్కు. గీసింది ఎవరికైనా చూపించి, అర్థమైందో లేదో తెలుసుకోవాలి కదా. ఆఫీసులో ఎవర్ని అడిగినా బ్రహ్మాండంగా అర్థమైందన్నారు. అవదా మరి? పని నిమిత్తం అని చెప్పి రెండు నెలలుగా అందరూ మధ్యాహ్నం అదే ఆడుతున్నారు. ఆట రానివాడు ఒక్కడూ మిగల్లేదు.

ఒక సాయంత్రం నేను షాపు నుంచి రాగానే పిన్ని నా రెండు భుజాలూ పట్టుకుంది. నేను పిన్ని వాళ్లింట్లోనే ఉంటాను, షాపు దగ్గరని. తాతయ్య ఉండేదీ అక్కడే.

"నీకు పేక రాదు కదూ?"

"రాదు. అమ్మ ముట్టుకోనిచ్చేది కాదుగా."

"అసలేం రాదా? తురుపంటే ఏంటో కూడా తెలీదా?"

"తెలీదు పిన్నీ."

"నా తల్లే!" అని నా బుగ్గలు పుణికింది. ఏమీ రానందుకు నన్ను అంత మెచ్చుకున్నవాళ్లు ముందూ లేరు, తర్వాతా లేరు.

మొదట ఫోను లేదు. ఫోనంత అట్టముక్క, దానిమీద కాగితంతో కత్తిరించిన బుల్లి పేకముక్కలు. నేను కాగితం మీద వేలు పెడితే పిన్ని చేత్తో ముక్క జరిపేది. నా బొటనవేలికి స్టాంపు ప్యాడు సిరా పూసేది, వేలు ఎక్కడెక్కడ పడుతోందో మచ్చలు చూసి తెలుసుకోవడానికి. బాబాయి వేలికీ పూసింది. తాతయ్య దగ్గరికి వెళ్తే, "నేనేమైనా వేలిముద్రగాణ్ణా? పో అవతలికి," అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

పాఠం మాత్రం నేనెక్కడా చూడనిది. మొదటి ఆటలో నలుగురి ముక్కలూ తెరిచే ఉంటాయి. నావీ, నా జోడీవీ, ఎదుటి ఇద్దరివీ అన్నీ కనబడతాయి. ఎవరి దగ్గర ఏముందో చూస్తూ ఆడాలి. రెండో ఆటలో ఒకరి ముక్కలు బోర్లా పడతాయి, మూడో ఆటలో ఇద్దరివి. నాలుగో ఆటకి నా ముక్కలే నాకు మిగులుతాయి, కానీ అప్పటికి మూసినవాటిలో ఏముండొచ్చో ఊహించడం వచ్చేస్తుంది. తప్పు వేస్తే గంట మోగదు, ఎర్రదీపం వెలగదు. "ఇంకోసారి చూడండి" అని ఒక చిన్నమాట, వెనక్కి తీసుకోవడానికి ఒక మీట. అంతే. ఇది ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, "చెంబు పట్టుకుని," అంది.

మూడురోజుల్లో నాకు ఆట వచ్చేసింది. నాలుగోరోజు బాబాయిని ఓడించాను. అదేం గొప్ప కాదనుకోండి.

పాఠం కంటే ముందు ఒక తెర ఉండేది. తెరమీద రెండు చేతుల బొమ్మలు, పైన ఒక్క ప్రశ్న. "ముక్క ఏ చేత్తో వేస్తారు?" కుడి అంటే ముక్కలు ఒకలా పరుచుకుంటాయి. ఎడమ అంటే మొత్తం అటుది ఇటు తిరుగుతుంది. అంకెలు ముక్కల కుడి మూలలకి వస్తాయి, "వేయి" అనే మీట ఎడమ బొటనవేలి కిందికి వస్తుంది. ఆ తెర గీసిన రోజు పిన్ని రెండుసార్లు టీ పెట్టుకుని రెండుసార్లూ తాగడం మర్చిపోయింది.

నలుగురి ముక్కలూ తెరిచి చూపించే పద్ధతి వందశాతానికి తెగ నచ్చింది. ఎంత నచ్చిందంటే, రెండోరోజుకల్లా అది ఆయనకి వచ్చిన ఆలోచనైపోయింది. గొడవంతా మొదటి తెర దగ్గరే వచ్చింది.

"ఇది తీసేద్దాం అండి. పదిమందిలో ఒక్కరుంటారు పుర్రచేతివాళ్లు. ఆ ఒక్కరికోసం తొమ్మిదిమందిని గుమ్మంలో నిలబెడతామా?"

"నిలబెట్టడం లేదు సార్. ఒక్కసారి వేలు తగిలిస్తే అయిపోతుంది."

"లోపలెక్కడో సెట్టింగుల్లో పెట్టండి. కావలసినవాళ్లు వెతుక్కుంటారు."

"వెతుక్కోరు సార్. అదొకటుందని వాళ్లకెవరు చెప్తారు? ముక్కలు కనబడకపోతే తమకే చేతకాదనుకుని పోతారు."

"చూద్దాం," అన్నాడాయన. అంటే తీసేస్తానని అర్థం.

పిన్ని ఊరుకునే రకం కాదు. మర్నాటి నుంచి రెండు వారాలపాటు పొద్దున్నా సాయంత్రం బాబాయి బస్సులో, డ్రైవరు వెనక సీట్లో, వెనక్కి తిరిగి కూర్చుంది. ఒళ్లో ఒక పుస్తకం, రెండు గళ్లు. నిలబడి ఫోను చూసుకునేవాళ్లని చూసి గీతలు పెట్టేది. ఒకచేత్తో కడ్డీ పట్టుకుని ఉంటారు, రెండోచేతిలో ఫోను, ఆ చేతి బొటనవేలితోనే పని కానివ్వాలి. చంకలో బిడ్డ, భుజాన సంచి, చేతిలో గొడుగు. బాబాయి అద్దంలోంచి చూస్తూ, "నువ్వలా గుచ్చి గుచ్చి చూస్తే జనం వేరే బస్సెక్కేస్తారే," అని గోలపెట్టేవాడు. ఒకాయన వచ్చి, తనిఖీ మనిషనుకుని టిక్కెట్టు చూపించి వెళ్లాడు.

మొత్తం నాలుగు వందల పన్నెండు మంది. వాళ్లలో ఎడమ బొటనవేలు వాడినవాళ్లు నూట నలభై ఏడు.

"చూశావా? పుట్టుకతో పుర్రచేతివాళ్లు నలభైమంది ఉంటారేమో. మిగతా వందా కుడిచేతివాళ్లే. బస్సెక్కేసరికి నాలాగే అయిపోతున్నారు," అంది పిన్ని. ఆ మాటంటున్నప్పుడు ఆవిడ ముఖం చూడాలి. నలభై ఏళ్ల తర్వాత తన పక్షాన నిలబడ్డానికి వందమంది దొరికినట్టుంది.

ఆ పుస్తకం పట్టుకెళ్లి వందశాతం ముందు పెట్టింది. ఆయన పేజీలు తిప్పాడు. "బాగుంది. వందశాతం బాగుంది. తెర మాత్రం తీసేయండి," అన్నాడు. పిన్ని ఏదో చెప్పబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఆ తెర గురించి ఇంకొక్క మాట వినడానికి వీల్లేదు. నాతో గానీ, ప్రోగ్రాములు రాసే ఆయనతో గానీ, ఎవరితోనూ మీరు మాట్లాడొద్దు. వచ్చేవారం యజమాని మేడం చూడ్డానికి వస్తున్నారు. మీ పొడిగింపు కాగితం నా బల్లమీదే ఉంది, అది గుర్తుంచుకోండి."

పిన్ని ఇంటికొచ్చి ఇదంతా చెప్పింది. నేనేం చేశానో కూడా రాయాలి, దాచుకుంటే బాగుండదు. "పోనీలే పిన్నీ, ఒక్క తెరేగా. ఉద్యోగం ముఖ్యం," అన్నాను.

ఆవిడ కూర తరుగుతోంది. కత్తి ఆపి నావైపు చూసింది.

"నువ్వు కూడా చెయ్యి మార్చమంటున్నావా?"

సిగ్గేసింది నాకు. ఇది రాస్తుంటే కూడా వేస్తోంది.

తర్వాత జరిగినప్పుడు నేనక్కడ లేను. పిన్ని చెప్పింది. కళ్లద్దాలు మార్పించుకోవడానికి మా షాపుకి వచ్చినప్పుడు నిదానం కూడా చెప్పాడు. ఇద్దరూ చెప్పింది ఒకటే.

వందశాతం చెప్పిన పనిని నిదానం చెప్పినట్టే చేశాడు. మొదటి తెర తీసేశాడు. ప్రశ్న తీసేశాడు గానీ, దానికి ఉన్న జవాబు తీసేయడం మర్చిపోయాడు. లోపల మిగిలిపోయిన ఆ జవాబు, చివరిసారి పిన్ని పరీక్షించినప్పుడు పెట్టింది. ఎడమ. ప్రశ్నకి జవాబు చెప్పని ఏ ఫోనైనా ఇక దాన్నే తీసుకుంటుంది. ఆఫీసులో అందరూ అంతకుముందే తమ తమ ఫోన్లలో ఆ ప్రశ్నకి కుడి అని చెప్పేసి ఉన్నారు కాబట్టి ఎవరి ఫోన్లోనూ తేడా తెలియలేదు. ఆట రానివాడు ఒక్కడూ లేని ఆ ఆఫీసులో, ఆ ప్రశ్నకి జవాబు చెప్పని ఫోను కూడా ఒక్కటీ లేదు. ఉన్నది ఒక్కటే, యజమానికి చూపించడానికి అప్పుడే డబ్బాలోంచి తీసిన కొత్త ఫోను.

మేడం వచ్చే రోజు ఉదయం ఆ ఫోను చార్జింగు పెట్టి రంగులు సరిగా ఉన్నాయో లేదో చూడమన్నది పిన్నినే. ఆవిడ తెరిచింది. ముక్కలు తన వాటంగా విచ్చుకుని కనబడ్డాయి. ఒక్క నిమిషం చూసింది. ఫోను మూసి, తుడిచి, బల్లమీద పెట్టి, తన కుర్చీలోకి వెళ్లి కూర్చుంది.

"మరి చెప్పలేదా?" అని నేను తర్వాత అడిగాను.

"ఎలా చెప్తానే? ఆ తెర గురించి ఒక్క మాట కూడా మాట్లాడొద్దన్నారుగా."

యజమాని మేడం అరవై దాటిన మనిషి. కుడి మోకాలికి ఆపరేషను అయింది, కుడిచేతిలో కర్ర. ముందు వరసలో కూర్చుంది. వందశాతం ఎడమచేతిలో మైకు, కుడిచేతిలో ఫోను పట్టుకుని లేచాడు. ఫోన్లో ఏం కనబడితే అది గోడమీద పెద్దగా కనబడేలా పెట్టారు.

"ఎవరైనా సరే, ఏమీ తెలియనివాళ్లయినా సరే, ఒక్క నిమిషంలో ఆడేస్తారు, వందశాతం," అని మొదలుపెట్టాడు.

ముక్కలు విచ్చుకున్నాయి. అంకెలన్నీ ముక్కల కుడి మూలల్లో, సరిగ్గా ఆయన బొటనవేలు ఆనే చోట. "వేయి" మీట ఎడమ అంచున, ఆయన వేలికి అందనంత దూరంలో. ఎదుటి జోడీ కళావరు వేసింది, ఈయన కళావరే వేయాలి. వేలి కింద ఏముందో కనబడక ఏదో తాకాడు, మీట అందుకోవడానికి వేలు సాగదీశాడు, తురుపు ఆసు వెళ్లి పడింది. నలుగురి ముక్కలూ తెరిచే ఉన్నాయి కదా, ఆయన చేతిలో మూడు కళావర్లు ఉన్నాయని గోడమీద గదిలో అందరికీ కనబడుతూనే ఉంది. "మీ దగ్గర కళావరు ఉంది. ఇంకోసారి చూడండి," అంది తెర, మర్యాదగా. ఇంకోసారి చూశాడు. ఈసారి ఆఠీను రాణి పడింది. "ఇంకోసారి చూడండి." మూడోసారి కూడా అదే. ఎవరో దగ్గు వచ్చినట్టు నోరు మూసుకున్నారు.

"ఇదేంటి, ముక్కలే కనబడటం లేదు?" అన్నాడు. మైకు నోటి దగ్గరే ఉంది, గది మొత్తం వినబడింది.

అప్పుడు వెనక వరసలోంచి మా పిన్ని గొంతు.

"చెయ్యి మార్చుకోండి సార్."

"ఆవిడ అరవలేదండీ. చాలా మెత్తగా అంది. కానీ నాకెందుకో వెన్ను నిటారైంది," అన్నాడు నిదానం, ముక్కుమీద కొత్త అద్దాలు సర్దుకుంటూ. ఆ మాట వెనక ఎన్నేళ్లున్నాయో ఆయనకి తెలియదు. నాకు తెలుసు. షాపులో గిరాకీలు ఉన్నారని కూడా చూడకుండా గట్టిగా చప్పట్లు కొట్టాను.

వందశాతం మార్చుకున్నాడు. మైకు కుడిచేతికి, ఫోను ఎడమచేతికి. ఇప్పుడు ముక్కలు కనబడుతున్నాయి కానీ వేలు మాట వినటం లేదు. ఎడమ బొటనవేలితో పని చేసి ఎరుగడు పాపం. ఒకటి తాకబోతే పక్కది కదిలింది. నలభై ఏళ్ల కిందట పదేళ్ల పిల్ల ఒళ్లో రాలిపడిన ముక్కలు అప్పుడు పిన్నికి గుర్తొచ్చాయో లేదో నేనడగలేదు.

"ఇలా ఇవ్వండి," అంది యజమాని మేడం. కుడిచేయి కర్రమీదే ఉంది. ఎడమచేత్తో ఫోను అందుకుంది. ముక్కలవైపు చూసింది, ఎడమ బొటనవేలితో కళావరు తాకింది, మీట నొక్కింది. పట్టు వచ్చింది. ఇంకోటి ఆడింది. వరసగా అయిదు పట్లు ఆడింది.

"నాకు హాయిగా ఉందే! కర్ర పట్టుకున్నప్పటి నుంచి ఏ ఫోనూ ఇంత తేలిగ్గా లేదు. నాకోసమే ఇలా చేశారా?"

"వందశాతం మేడం," అన్నాడాయన. నోటికి అలవాటైన మాట, ఆపుకోలేకపోయాడు.

పిన్ని లేచి నిలబడింది. "కాదు మేడం. పొరపాటున ఇలా వచ్చింది. చాలామందికి ఇలా ఉంటే ఇప్పుడు సార్‌కి అయినట్టే అవుతుంది. దీనికి ముందు, ఏ చేత్తో ఆడతారని ఒక ప్రశ్న ఉండేది. మీరు ఎడమంటే ఇలా వచ్చేది, సార్ కుడి అంటే అలా వచ్చేది. తీసేయమన్నారు, తీసేశాం." సంచిలోంచి బస్సు పుస్తకం తీసి తీసుకెళ్లి ఆవిడ ఒళ్లో పెట్టింది.

మేడం గీతలన్నీ చూసింది. ఒక పేజీ దగ్గర ఆగి, "గొడుగు, బిడ్డ, సంచి... ఇవన్నీ మీరే రాశారా?" అని అడిగింది. తర్వాత వందశాతం వైపు తిరిగి, "ఆ ప్రశ్న మళ్లీ పెట్టించండి. లోపలెక్కడో కాదు, మొదటే," అంది.

ఇక్కడితో అంతా సుఖాంతం అనుకుంటే మీరు ఆఫీసుల్లో పనిచేయలేదన్నమాట. మర్నాడే పిన్నికి కాగితం వచ్చింది. లోపం ఉందని ఉదయమే తెలిసి కూడా ఎందుకు చెప్పలేదో రాతపూర్వకంగా తెలపాలి. క్షమాపణ చెబితే విషయం ఇంతటితో వదిలేస్తామని కింద ఒక ముక్క. పిన్ని అక్కడే నిలబడి, ఎడమచేత్తో, అరచేయి అక్షరాలమీద రాసుకుని సిరా అలుక్కుంటున్నా లెక్కచేయకుండా ఒక్క వాక్యం రాసిచ్చింది. "ఆ తెర గురించి ఎవరితోనూ మాట్లాడవద్దన్న మీ ఆదేశాన్ని పాటించాను." క్షమాపణ లేదు.

పొడిగింపు ఏడాదికి బదులు ఆరునెలలకే వచ్చింది. బాబాయి ముఖం వేలాడేశాడు. నేను ఒంటికాలిమీద లేచాను. పిన్ని ఆ కాగితం మడిచి డబ్బాలో పెట్టి, "ఆరునెలలు చాలు. ఈలోపు ఆ ప్రశ్న జనం ఫోన్లలోకి వెళ్లిపోతుంది. ఆ తర్వాత తీసేయమను చూద్దాం," అంది.

ఆ వారమంతా పిన్ని ఆఫీసు నుంచి వచ్చి వంటింటి బల్లమీద ఏదో పని పెట్టుకునేది. సన్నమొన పెన్ను, ఆరితే చెరగని సిరా. నేను వెళ్తే చేత్తో కప్పేసేది.

ఆదివారం బాబాయికి సెలవు దొరకలేదు, ఇంకో డ్రైవరుకి జ్వరమని పిలిచారు. భోజనాలయ్యాయి. తాతయ్య, ఇద్దరు మావయ్యలు బల్ల చుట్టూ సర్దుకున్నారు. నాలుగో కుర్చీ ఖాళీగా ఉంది. తాతయ్య చుట్టూ చూశాడు. పిన్ని వంటింటి గుమ్మంలో చేతులు తుడుచుకుంటోంది. ఆయన చూపు ఆవిడమీంచి జారి నా మీద ఆగింది.

"నువ్వు రావే. ఫోన్లో నేర్చుకున్నావటగా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నాకు నేర్పినావిడ అక్కడ నిలబడి ఉంది, కనబడటం లేదా తాతయ్యా? కావాలంటే కళ్లద్దాలు మార్పిస్తాను, రండి," అన్నాను. చిన్నమావయ్య నవ్వబోయి, తాతయ్య ముఖం చూసి మానేశాడు.

పిన్ని ఎవరి పిలుపు కోసమూ ఆగలేదు. తువ్వాలు కుర్చీ వెనక వేసి నాలుగో కుర్చీలో కూర్చుంది. బీరువాలో ఉండాల్సిన తాతయ్య పేకని కొంగు చాటునుంచి తీసింది. ఆయన తప్ప ఇంకొకరు కలపకూడని పేక. దాన్ని బల్లమీద ఆయన ముందుకి తోసింది.

తాతయ్య అట్టపెట్టె తెరిచి ముక్కలు బయటికి తీశాడు. రెండుసార్లు కలిపాడు, మూడోసారి ఆగిపోయాడు. పైముక్క తిప్పి చూశాడు. ఇస్పేటు తొమ్మిది. అంకె ఉండే రెండు మూలల్లో అంకె ఉంది. ఎప్పుడూ ఖాళీగా ఉండే మిగతా రెండు మూలల్లో కూడా, నల్లసిరాతో, అచ్చులో పడ్డంత శుభ్రంగా, తొమ్మిది, దాని కింద ఇస్పేటు గుర్తు. తర్వాతది తిప్పాడు. ఆఠీను జాకీ, ఎర్రసిరాతో. ఒకటొకటే తిప్పుతూ పోయాడు. యాభై రెండు ముక్కలు, ఒక్కోదానికి రెండు మూలలు. ఒక్కటీ వదల్లేదు.

"ఎవరు చేశారిది?"

"నేనే."

"నన్నడగకుండా?"

"అడిగితే నువ్వేమంటావో నాకు తెలుసుగా నాన్నా."

పెద్దమావయ్య ఒక ముక్క లాక్కుని వెలుతురులో పెట్టి చూశాడు. "ఇంత శ్రమ ఎందుకే నీకు? చెయ్యి మార్చుకుంటే పోయేదిగా!"

పిన్ని అన్నయ్యవైపు చూడలేదు. కుడిచేయి చాచి, అరచేయి పైకి పెట్టి, బల్లమీద ఉంచింది. ముక్కలు పట్టుకునే చెయ్యి అది. తాతయ్య కళ్లలోకి చూసింది.

"ఈ చెయ్యి మారదు నాన్నా. ముక్కలే మార్చాను. పంచు."

తాతయ్య పేకని ఇంకోసారి కలిపి, నలుగురికీ పంచాడు.